ఋణమా? రణమా?

విద్యార్జన ప్రతి ముస్లింకూ విధి అని మన మతం బోధిస్తున్నది. విద్య దొంగలు దోచలేని ధనమని మన తెలుగు పెద్దలు చెప్పియున్నారు. అయితే ఆ ధనాన్ని సంపాదించడానికి ముందుగా ఎంత ధనం వెచ్చించాలి? అది లేనివాడు దేనిని తాకట్టు పెట్టాలి? ఈ ప్రశ్న అమెరికా దేశంలో దంతవైద్యం చదువగోరే యువకుని ముందు అతి కఠోరంగా నిలుస్తున్నది. అతని ఎదుట రెండు దారులున్నాయి. ఒకటి అప్పు, రెండవది సైన్యమిచ్చే విద్యార్థి వేతనం. ఈ రెండింటిలో ఏది మేలు అన్న విషయమై మా అభిప్రాయాన్ని విన్నవించదలచాము.

ఎక్కడి అమెరికా, ఎక్కడి మనం అని పాఠకులు అనుకొనవచ్చు. కాని ఆ దేశపు దంతవైద్య విద్యతో మనకు పాత సంబంధమే ఉన్నది. అలీగఢ్‌లో చదివిన డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో 1915లో దంతవైద్య పట్టం పొంది, స్వదేశానికి తిరిగివచ్చి, 1920లో కలకత్తాలో భారతదేశపు తొలి దంతవైద్య కళాశాలను స్థాపించారు. ఇక ఇప్పటి మాట. చికాగో మొదలైన నగరాలలో స్థిరపడిన హైదరాబాదీ కుటుంబాల పిల్లలు అక్కడి పౌరులై అక్కడే చదువుతున్నారు. మన రాష్ట్రాలలో బి.డి.ఎస్. పూర్తిచేసి అక్కడ మరల రెండు మూడేళ్ళు చదివి వృత్తిలో ప్రవేశించేవారూ ఉన్నారు. కనుక ఇది మన ఇండ్లలోని చర్చయే.

ముందుగా అప్పు సంగతి చూద్దాం. అక్కడ డిగ్రీ పూర్తయిన పిమ్మట దంతవైద్యం నాలుగేళ్ళ చదువు. అప్పు చేసి చదివినవారు పట్టా పుచ్చుకొనేనాటికి సగటున సుమారు 3 లక్షల డాలర్లు బాకీ పడుతున్నారు. వడ్డీ 7 శాతం అనుకొన్నా, మొదటి ఏట వడ్డీయే 21 వేల డాలర్లు. పదేళ్ళలో తీర్చాలంటే నెలకు దాదాపు 3,480 డాలర్లు కట్టాలి. తీరేసరికి మొత్తం 4 లక్షల 18 వేలు అవుతుంది. పైగా 2025 జూలైలో చేసిన చట్టం ప్రకారం, 2026 జూలై 1 నుండి కొత్తగా అప్పు తీసికొనే ఇట్టి విద్యార్థులకు ఫెడరల్ ప్రభుత్వపు ఋణం ఏటికి 50 వేల డాలర్లకూ, మొత్తం మీద 2 లక్షలకూ పరిమితమైంది. ఆపై కావలసిన సొమ్ముకు ప్రైవేటు బ్యాంకుల గడప తొక్కవలసిందే.

రెండవ దారి సైన్యం వైపు సాగుతుంది. వియత్నాం యుద్ధకాలంలో వైద్యులను కూడ నిర్బంధంగా సైన్యంలో చేర్చుకొనేవారు. ఆ నిర్బంధం 1973లో ముగిసింది. వైద్యులు స్వచ్ఛందంగా రావాలంటే ఆకర్షణ ఉండాలి గనుక 1972 నాటి చట్టం ద్వారా వైద్య వృత్తుల విద్యార్థి వేతన పథకాన్ని ఏర్పరచారు. పదాతి, నౌకా, వైమానిక దళాలు మూడూ దీనిని అమలు జరుపుతున్నాయి. కళాశాల రుసుము మొత్తం, పుస్తకాలు, పరికరాల ఖర్చు, నెలనెలా జీవనభృతి ప్రభుత్వమే ఇస్తుంది. ఎన్నేళ్ళు వేతనం పొందితే దాదాపు అన్నేళ్ళు అధికారిగా సేవ చేయాలి. దీనికి అమెరికా పౌరసత్వం తప్పనిసరి. కనుక మన బి.డి.ఎస్. పట్టాతో విద్యార్థి వీసాపై వెళ్ళేవారికి ఈ తలుపు మూసియే ఉన్నది. వారి చదువుకు తండ్రి ఇల్లో పొలమో ఇక్కడి బ్యాంకులో తాకట్టు పడుతున్నది.

లెక్క మాత్రమే చూస్తే సైన్యం దారి సులభంగా తోచవచ్చు. కాని లెక్కలోనే ఒక మెలిక ఉన్నది. రుసుము తక్కువగా ఉండే రాష్ట్ర ప్రభుత్వ కళాశాలలో చదివినా, దానికి రెట్టింపు రుసుముండే ప్రైవేటు కళాశాలలో చదివినా, తిరిగి ఇవ్వవలసిన సంవత్సరాలు ఒక్కటే. మొదటివాడు అవే నాలుగేళ్ళను తక్కువ ధరకు అమ్ముకొంటున్నాడన్న మాట. ఆ నాలుగేళ్ళలో బయటి దంతవైద్యుని సంపాదనకూ సైనికాధికారి జీతానికీ గల తేడాను కూడ ఖర్చు కిందనే వ్రాసికొనాలి. కనుక ఇది ఉచిత విద్య కాదు, ముందుగా చెల్లించిన జీతం.

ఇంతకంటె ముఖ్యమైనది మనస్సాక్షి. సైనిక దంతవైద్యుడు తుపాకి పట్టి పోరాడేవాడు కాడు. 1949 నాటి జెనీవా ఒడంబడికలు వైద్య సిబ్బందికి ప్రత్యేక రక్షణ కల్పించాయి. సిపాయి పంటినొప్పిని మాన్పడం కూడ మానవసేవయే. అమెరికా సైన్యంలో గౌరవంగా పనిచేస్తున్న ముస్లిములున్నారు. వారి సేవను మేము కించపరచడం లేదు. కాని ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్ళాలి, ఏ యుద్ధం న్యాయమైనదో ఎన్నుకొనే అధికారం ఉండదు. 1999లో సంతకం చేసిన విద్యార్థి 2003లో పట్టా పుచ్చుకొనేసరికి ఇరాకు యుద్ధం నడుస్తున్నది. అతని అభిప్రాయాన్ని ఎవరూ అడుగలేదు, అడుగరు కూడ.

మరి అప్పు మనస్సాక్షికి హాయినిస్తుందా? వడ్డీని ఇస్లాం నిషేధించిందని వేరుగా చెప్పనక్కరలేదు. విద్య కోసం, గత్యంతరం లేనప్పుడు తీసికొనడంపై పండితులలో భిన్నాభిప్రాయాలున్నాయి. ఆ తీర్పు చెప్పే అర్హత మాకు లేదు. కాని మతం మాట అటుంచినా, వడ్డీ మనిషిని ఏమి చేస్తుందో మన రైతును అడిగితే చెబుతాడు. నెలకు మూడున్నర వేల డాలర్లు కట్టవలసిన దంతవైద్యుడు పేదల వాడలో ఆసుపత్రి తెరుస్తాడా? అక్కరలేని చికిత్సను రోగికి అంటగట్టే ప్రలోభం అతనికి కలుగదా? అప్పు కూడ ఒక విధమైన సైన్యమే. దానికి సెలవు లేదు, పదవీ విరమణ మాత్రం ఆలస్యం.

అయినప్పటికీ రెండింటిలో ఒక భేదమున్నది. అప్పును తొందరగా తీర్చవచ్చు, గడువు పొడిగించుకొనవచ్చు, ఊరూ ఉద్యోగమూ మార్చుకొనవచ్చు. సంతకం చేసిన సైనిక సేవను మనసు మారినంత మాత్రాన వదలుకొనడం సాధ్యం కాదు. అందుచేత మా అభిప్రాయం ఇది: డబ్బు ప్రసక్తి లేకున్నా ఆ దుస్తులు ధరించడానికి ఇష్టపడేవాడు నిశ్చింతగా ఆ వేతనాన్ని స్వీకరించవచ్చు. కేవలం అప్పు భయంతో పోయేవాడు పోరాదు. సందేహమున్నవాడు చదువు ముగిసేదాక ఆగవచ్చు. పట్టభద్రుడైన తరువాత చేరినవారి అప్పును కొంతకొంతగా తీర్చే పథకాలు కూడ సైన్యంలో ఉన్నాయి. ఇరవై రెండేళ్ళ వయస్సులో చేసే నిర్ణయం కంటె ఇరవై ఆరేళ్ళప్పుడు చేసే నిర్ణయం పక్వమైనది.

మూడవ దారి ఒకటి ఉన్నది. మా దృష్టిలో అదే ఉత్తమం. 1970 నాటి చట్టంతో ఏర్పడిన జాతీయ ఆరోగ్య సేవా దళం కూడ దంతవైద్య విద్యార్థుల ఖర్చు భరిస్తుంది. బదులుగా వైద్యులు లేని ప్రాంతాలలో పనిచేయమంటుంది. అయితే అందులోని స్థానాలు పరిమితం, పోటీ అధికం. యుద్ధానికి వైద్యుని సిద్ధం చేసికొనేందుకు తెరచిన చేతిని, పేదవాని పంటినొప్పికి కూడ అంతే విశాలంగా తెరచిన నాడు ఈ ప్రశ్నలో సగం తీరుతుంది.

అందాక, విద్యార్థులారా, సంతకం చేసే ముందు కాగితం మీద రెండు లెక్కలు వేయండి. ఒకటి డాలర్లలో, మరొకటి సంవత్సరాలలో. రెండవ లెక్కను పెద్దల ఎదుట, ముఖ్యంగా మీ తల్లి ఎదుట, గట్టిగా చదివి వినిపించండి. ఆ తరువాత కలం పట్టండి.