ఏడాదిమాసికం దాటితే మిగిలేది ఏడాదే

హుజూరాబాద్‌ నుంచి హైదరాబాద్‌ ఎంఎన్‌జే క్యాన్సర్‌ ఆసుపత్రికి తిరిగిన కుటుంబాల్లో ఇంటిపెద్ద పోగానే రిపోర్టుల సంచి అటకెక్కుతుంది. కర్మకాండలు, అప్పుల లెక్కలు, పిల్లల ఫీజులు ముందుకొస్తాయి. బీడీలో, సిగరెట్లో ప్రాణం తీశాయని, కంపెనీని పరిహారం అడగొచ్చేమోనని ఎవరైనా అనేసరికి గడువు ముగిసిపోతుంది.

ఇతరుల తప్పు లేదా నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, పిల్లల కోసం పరిహారం కోరే వీలును 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కల్పిస్తోంది. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం ఆ దావాను చనిపోయిన రోజు నుంచి రెండేళ్లలో వేయాలి. సివిల్‌ కోర్టులో ఈ ఆలస్యాన్ని మన్నించే వెసులుబాటు లేదు. వినియోగదారుల కమిషన్‌లోనూ గడువు రెండేళ్లే. కాకపోతే అక్కడ తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించవచ్చు.

దావా వేసినంత మాత్రాన గెలుస్తారని కాదు. అందరికీ తెలిసిన ప్రమాదం గురించి హెచ్చరించలేదని తయారీదారును తప్పుపట్టలేమని 2019 వినియోగదారుల చట్టమే చెబుతోంది. పైగా ఏ కంపెనీ బీడీ తాగారో రుజువేది? కట్ట బీడీలకు రశీదు ఇచ్చే కిరాణా కొట్టు ఏ ఊళ్లో ఉంది? అమెరికాలోని ఫ్లోరిడాలో 1994లో మొదలైన ఎంగిల్‌ కేసులో 2006లో అక్కడి సుప్రీంకోర్టు ఉమ్మడి దావాను రద్దు చేసి, ఎవరికి వారు ఏడాదిలోగా దావా వేసుకోవచ్చంది. ఆ గడువులో వేలమంది కోర్టుకెళ్లారు. కొందరికి భారీ పరిహారాలూ దక్కాయి.

ఇరవై ముప్ఫై ఏళ్లు లోలోపల పెరిగే జబ్బుకు, రోడ్డు మీద క్షణంలో జరిగే ప్రమాదానికి ఒకే కొలత పెట్టడం అన్యాయమే. కనీసం ఆలస్యాన్ని మన్నించే అధికారమైనా సివిల్‌ కోర్టులకు ఇవ్వాలి.

అంతదాకా కుటుంబాలు చూసుకోవాల్సింది కాగితాలే. మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చే మరణ ధ్రువపత్రంలో చావుకు కారణం ఉండదు. ఈ సంగతి చాలామందికి తెలియదు. కారణం రాసిన పత్రాన్ని వైద్యం చేసిన ఆసుపత్రి దగ్గరి బంధువుకు ఇవ్వాలని 2023లో సవరించిన జనన మరణాల నమోదు చట్టం చెబుతోంది. అడిగి తీసుకోండి. బయాప్సీ, డిశ్చార్జి కాగితాలతో కలిపి దాచండి. లాయరు ఫీజుకు జంకేవారు కరీంనగర్‌ జిల్లా న్యాయసేవాధికార సంస్థను కలవొచ్చు. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా అక్కడ న్యాయ సహాయం ఉచితం.