ఎద ఎక్కడున్నది?

తెలుగులో ఎద అంటే గుండె. పాడి ఉన్న ఇళ్లలో ఆ మాటకు ఇంకో అర్థం కూడా ఉన్నది: ఆవు “ఎదకు వచ్చింది” అంటారు. మాట ఒక్కటే అయినా, ఈ రెండో ఎద గుండెలో లేదు సుమా! అండాశయంలో పుట్టి మెదడులో పనిచేస్తుంది. ఆ సంగతి శాస్త్రజ్ఞులకు విప్పిచెప్పినది ఆడ ఎలుక.

మామూలు వేళల్లో మగ ఎలుక దగ్గరికి వస్తే ఆడ ఎలుక తన్నుతుంది, తప్పించుకుని పోతుంది. నాలుగైదు రోజులకు ఒకసారి, కొద్ది గంటలు మాత్రం, కదలకుండా నిలబడి, నడుము కిందికి వంచి, తలనూ తోకవైపునూ పైకెత్తుతుంది. దీనికి లార్డోసిస్ అని పేరు. ఈ భంగిమ లేనిదే ఎలుకకు సంతానం లేదు. తాకిడి అదే, కండరాలు అవే. మరి జవాబు మారడమెందుకు?

న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ ఫాఫ్ గారూ, సహచరులూ ఏళ్ల తరబడి ఈ దారిని అంచెలంచెలుగా వెతికారు. నడుము పక్కల పడిన ఒత్తిడి కబురై, వెన్నుపాము గుండా మెదడుకు ఎక్కుతుంది. అక్కడినుంచి ఆజ్ఞ మళ్లీ వెన్నుపాములోకి దిగి వీపు కండరాలను బిగిస్తుంది. నడుమ వెన్నుపాము తెగితే భంగిమ రాదు. మోకాటి కింద తడితే కాలు ఎగిరినట్టు కాదన్నమాట. ఇక్కడ మెదడు అనుమతి కావాలి.

అనుమతి ఇచ్చే చోటు మెదడు అడుగున, హైపోథలామస్‌లో ఉన్నది. అక్కడి కణాలు అండాశయాలనుంచి వచ్చే ఈస్ట్రోజెన్‌ను పట్టుకుంటాయి. అండాశయాలు తీసివేస్తే భంగిమ మాయమవుతుంది. ఈస్ట్రోజెన్ ఇచ్చి, రెండు రోజులాగి ప్రొజెస్టెరాన్ ఇస్తే, కొన్ని గంటల్లో మళ్లీ వస్తుంది. ఆ జాప్యం ఎందుకంటే, ఈస్ట్రోజెన్ కణాలలోని జన్యువులను మేల్కొలిపి, ప్రొజెస్టెరాన్‌ను అందుకునే సరంజామాను ముందు సిద్ధం చేయించాలి. అండం పండే వేళకే తలుపు తెరుచుకోవడంలోని కిటుకు ఇదే: రెండు పనులకూ కబురు వెళ్లేది ఒకే అండాశయం నుంచి.

ఇది చదివి, మనుషులూ ఇంతే కాబోలు అనుకోరాదు. స్త్రీలలో హార్మోన్లకు మనస్సుపై కొంత ప్రభావం ఉంటే ఉండవచ్చు గాని, ఇటువంటి తాళం వేసిన తలుపు లేదు. ఎలుక మెదడును చూపి ఆడవారి నడతకు తీర్పు చెప్పేవారిని నమ్మనక్కరలేదు.

పశువుల కొట్టంలో మాత్రం ఈ జ్ఞానం అక్షరాలా అన్నం పెడుతుంది. ఎదలో ఉన్న ఆవు, మరో ఆవు మీదికెక్కినా కదలక నిలబడుతుంది. అన్ని గుర్తులలోకీ నమ్మదగినది అదే. ఆ నిలుపు సాధారణంగా ఒక పూటకు కాస్త అటూ ఇటూ. తప్పిపోతే మళ్లీ 21 రోజులు ఆగాలి. అండం విడుదలయ్యేది ఎద ముగిశాక కొన్ని గంటలకు గనుక, ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మరునాటి ఉదయం సూది వేయించడం వాడుక. గేదె మరీ గుంభనమైనది; చాలాసార్లు దాని ఎద మూగ ఎద, అదీ రాత్రివేళ. కనుక పాడి ఉన్నవారు తెల్లవారుజామున ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి కొట్టంలోకి తొంగిచూడటం మంచిది. మూడు వారాల మేత ఖర్చు కలిసివస్తుంది.