ఉండేలు పట్టే చేతికి నోటుబుక్కు ఇవ్వండి



జూన్ 5 వస్తే పర్యావరణ దినోత్సవం చేస్తాం. ర్యాలీ తీస్తాం. చార్టులో చూసి నెమలి, చిలుక బొమ్మలు గీసి రంగులేస్తాం. అదే పొద్దు ప్రహరీ మీద వాలిన పిట్ట ఏదో తలెత్తి చూడం. "పక్షులను కాపాడండి" అని అట్ట పట్టుకున్న తమ్ముడి జేబులోనే ఉండేలు ఉంటది. దొరికితే లాక్కుంటారు, నాలుగు తగిలిస్తారు, "అడవిలో పుట్టినోళ్ళు ఇంతే" అంటారు. ఆ మాట మనందరికీ తగులుతది.

నా అభిప్రాయం ఏమంటే, ఉండేలు లాక్కుంటే సరిపోదు, ఆ చేతికి ఒక నోటుబుక్కు ఇవ్వాలి. ఏ పిట్ట ఏ కొమ్మ మీద వాలుతది, గూడు ఎక్కడ కడతది, కూత మారితే పాము వచ్చిందా పిల్లి వచ్చిందా, ఇవన్నీ మనలో బాగా తెలిసింది వాడికే.

ఊరికే అనటం లేదు. కడప జిల్లాలో కలివికోడి అనే పిట్ట ఉండేది. 1900 తర్వాత అది ఎవరికీ కనపడలేదు. ఇక లేదనుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు వెతుకుతుంటే 1986 జనవరిలో దొరికింది. రాత్రిపూట టార్చిలైటుతో పట్టి తెచ్చింది ఐతన్న. పిట్టలు పట్టి బతికే మనిషి. ఆ ఒక్క పిట్ట బతకలేదు గానీ, దాని వల్లనే అక్కడి అడవి శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం అయింది. 1896లో పుట్టిన సలీం అలీ కూడా చిన్నప్పుడు తుపాకీతో పిచ్చుకను కొట్టినవాడే. దాని గొంతు పచ్చగా ఎందుకుందని అడగబోయి, దేశంలోనే పెద్ద పక్షి శాస్త్రవేత్త అయ్యాడు. ఆ రోజు తుపాకీ లాక్కుని పంపేస్తే ఏమయ్యేది?

అందుకే మన హాస్టల్లో ఈ పనులు చేద్దాం.

1. ప్రేయరుకు ముందు 15 నిమిషాలు ఆవరణలో పిట్టల్ని లెక్కపెట్టి రాయాలి. తెలుగు పేరు ఒక వరుస, మన కోయ పేరు ఒక వరుస. పేరు తెలియకపోతే సెలవుల్లో ఇంటికి పోయి తాతను, అవ్వను అడగాలి.

2. మన రాష్ట్ర పక్షి పాలపిట్ట అని పరీక్షలో రాస్తాం. అది కరెంటు తీగ మీద కూర్చుంటే గంటలో ఎన్నిసార్లు దిగి మిడతను పట్టిందో లెక్కపెట్టాలి. రైతుకు అది ఏం చేస్తదో అప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు.

3. చెట్టు కింద పిట్టల రెట్టలు ఏరి మట్టి కుండీలో వేసి నీళ్ళు పోయాలి. ఏం మొలుస్తదో చూడాలి. గోడ పగుల్లో రావి మొక్క ఎవరు నాటారో తెలిసిపోతది. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

4. తాటిచెట్టుకు వేలాడే గిజిగాడి గూళ్ళు దూరం నుంచే లెక్కపెట్టాలి. ముట్టుకోకూడదు.

వార్డెన్ గారికి ఒక మనవి. ఆవరణ శుభ్రం చేసేటప్పుడు పొదలు మొత్తం కొట్టించకండి. పాముల భయం ఉంటది, నిజమే. మనం పడుకునే గదులకు దూరంగా ఒక్క మూల వదిలిపెట్టండి, చాలు.

"ఇంటికి పోతే మళ్ళీ కొడతాడు" అని కొందరంటారు. కొట్టొచ్చు. కానీ రోజూ లెక్క రాసేవాడికి పోయిన ఏడు పది ఉన్నవి ఈ ఏడు నాలుగే ఉన్నాయని తెలుస్తది. ఆ తెలివి దెబ్బలతో రాదు.

ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా జనం పిట్టల్ని లెక్కపెడతారు. కనీసం 15 నిమిషాలు చూసి రాస్తే చాలు. అందులో మన సారపాక లెక్క కూడా ఉండాలి. నవంబరు 12 సలీం అలీ పుట్టినరోజు. ఆ రోజు మొదలుపెడితే ఫిబ్రవరికి చెయ్యి తిరుగుతది. మొదటి పేజీ రాసే పని మాత్రం ఉండేలు తమ్ముళ్ళకే ఇవ్వాలి.

- 9వ తరగతి విద్యార్థిని