ఖాళీగా కనిపించే గంటలు

ఆగస్టు రెండో సగంలో అమెరికాలోని తెలుగు ఇళ్లలో పన్నెండో తరగతి ముగించిన పిల్లలు సామాన్లు సర్దుకుని విశ్వవిద్యాలయ వసతిగృహాలకు చేరడం, వారిని దింపి వచ్చిన తల్లిదండ్రులు బోసిపోయిన గదిని చూసుకుని కొన్నాళ్లు దిగులుపడడం ఏటా జరిగేదే అయినా, ఆ తరువాతి పదిహేను వారాల్లో ఆ పిల్లల మనసులో ఏం జరుగుతుందన్న ప్రస్తావన కుటుంబాల్లో అరుదుగానే వస్తుంది. బెదురు స్వభావమున్న విద్యార్థి భయాన్ని ఇంట్లోవారు చదువు కష్టమై పుట్టిన భయంగానే లెక్కవేస్తారు గాని, అది చాలావరకు కొత్త కాలపట్టిక నుంచి, నోరు తెరిచి అడగడం అలవాటు లేకపోవడం నుంచి పుట్టేది.

ఇక్కడి విశ్వవిద్యాలయాల్లో చదువును ‘క్రెడిట్’ అనే కొలతతో లెక్కిస్తారు. సెమిస్టరు పొడవునా వారానికి ఒక గంట తరగతి, దానికి తోడు తరగతి బయట సుమారు రెండు గంటల సొంత చదువు కలిస్తే ఒక క్రెడిట్ అవుతుందన్నది స్థూలమైన లెక్క కాబట్టి, 15 క్రెడిట్లు తీసుకున్న విద్యార్థి తరగతుల్లో కూర్చునేది వారానికి 15 గంటలే అయినా అతడు చదువుకు పెట్టవలసినది మొత్తం 45 గంటలు. ఆ మిగిలిన ముప్పై గంటలు ఏ టైంటేబుల్లోనూ కనిపించవు. తల్లిదండ్రుల్లో చాలామంది విజయవాడలోనో హైదరాబాదులోనో ఇంటర్మీడియట్ చదివిన రోజుల్లో తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు, వాటికొక వార్డెను, వారాంతపు పరీక్ష ఉండేవి. వారి పిల్లలకు అంత కట్టడి లేకపోయినా బడి బస్సు, సంగీతం క్లాసు, లెక్కల ట్యూషను, వాటన్నిటికీ కారు నడిపే అమ్మ ఉండేవారు. మంగళవారం ఉదయం పదకొండింటికి తరగతి ముగిసి, మళ్లీ బుధవారం మధ్యాహ్నం దాకా ఎవరూ పిలవని స్థితి ఆ విద్యార్థికి జీవితంలో మొదటిసారి ఎదురవుతుంది. తీరికలా కనిపించే ఆ సమయం నిజానికి పని సమయమని తెలిసేసరికి సాధారణంగా నాలుగైదు వారాలు గడిచిపోతాయి.

మాటల అర్థాలు మారడం కూడా తికమకకు కొంత కారణం. తెలుగునాట ‘సిలబస్’ అంటే పరీక్షకు వచ్చే పాఠాల జాబితా. ఇక్కడ అది ఆచార్యుడు మొదటి వారంలోనే ఇచ్చే పత్రం, దాదాపు ఒప్పందం వంటిది, అందులో గడువు తేదీలు, దేనికెన్ని మార్కులు, ఆలస్యమైతే ఎంత కోత అన్నవన్నీ ఉంటాయి. ‘ఆఫీస్ అవర్స్’ అన్న మాట మరీ దారి తప్పిస్తుంది. ఆచార్యుడు తన పని చేసుకునే వేళ, అప్పుడు కదిలించకూడదని దాన్ని అర్థం చేసుకునే పిల్లలున్నారు. అది విద్యార్థుల కోసమే ఆచార్యుడు తలుపు తీసి కూర్చునే సమయం. పరీక్ష ముందురోజు తప్ప ఆ గది చాలాసార్లు ఖాళీగానే ఉంటుంది. గురువు ముందు నోరెత్తకపోవడమే వినయమని పెరిగిన పిల్లలు ఆ గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వస్తారు, ఆ వినయాన్ని ఇక్కడివారు ఆసక్తి లేకపోవడంగా అర్థం చేసుకుంటారు. ఇందులో తప్పు పిల్లలది కాదు.

తొలి మిడ్‌టర్మ్, అంటే సెమిస్టరు మధ్యలో వచ్చే పరీక్ష, ఈ బెదురును బయటపెడుతుంది. హైస్కూల్లో తొంభై అయిదుకు తగ్గని విద్యార్థికి రసాయనశాస్త్రంలో 58 వస్తే, తరగతి సగటు 54 అన్న సంగతి అతడి కంటికి ఆనదు. సగటును బట్టి గ్రేడ్లను సవరించే ‘కర్వ్’ అనే పద్ధతి కొన్ని కోర్సుల్లో ఉంటుందనీ అతడికి తెలియకపోవచ్చు. తన గెలుపు తన సామర్థ్యంతో వచ్చింది కాదనీ, ఏదో ఒకనాడు ఆ గుట్టు రట్టవుతుందనీ లోలోపల వణకడానికి పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే మనస్తత్వవేత్తలు 1978లో ‘ఇంపోస్టర్ ఫినామినన్’ అని పేరు పెట్టారు. గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ అనే పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, తామిక్కడివారం కామన్న దిగులు మొదట్లో అందరికీ ఉంటుందనీ, క్రమంగా పోతుందనీ సీనియర్ల మాటల్లో చదివిన నల్లజాతి విద్యార్థుల మార్కులు తరువాతి మూడేళ్లలో మెరుగయ్యాయి. ఆ ఫలితాన్ని తెలుగు పిల్లలకు యథాతథంగా అన్వయించలేం గాని, ‘నాకూ అలాగే ఉండేది’ అన్న ఒక్క మాట పెద్దపిల్లల నోట వినడానికి తెలుగు సంఘాల వేడుకల్లో చోటు లేకపోవడం మాత్రం లోటే. అక్కడ ఫస్టియర్ విద్యార్థికి ఎదురయ్యే ప్రశ్నలు ఏ యూనివర్సిటీ, ఏ మేజర్ (ప్రధాన విషయం) అన్నవి రెండే. అమ్మ కట్టిచ్చిన ఆవకాయ సీసా, వాసనకు రూమ్మేటు ఏమంటాడోనని మూత తీయకుండానే అక్టోబరు దాకా చిన్న ఫ్రిజ్‌లో ఉండిపోయిందన్న సంగతిని ఎవరూ అడగరు, అతడూ చెప్పడు.

ఫీజు కట్టేది తామే గనుక మార్కులు తమకు తెలుస్తాయనుకునే తల్లిదండ్రులకు 1974 నాటి ‘ఫెర్పా’ అనే చట్టం అడ్డుపడుతుంది. విద్యార్థి రికార్డుల గోప్యతను కాపాడే ఈ చట్టం ప్రకారం, విశ్వవిద్యాలయంలో చేరినప్పటి నుంచి ఆ రికార్డులపై హక్కు తల్లిదండ్రులది కాక విద్యార్థిది. పన్ను లెక్కల్లో తల్లిదండ్రులపై ఆధారపడిన సంతానమైతే వారికి వివరాలు చెప్పడానికి సంస్థకు వీలుంది గాని, చెప్పితీరాలన్న నిబంధన లేదు. కనుక కబురు రావలసింది పిల్లల నోటి నుంచే. ఆదివారం ఫోనులో ‘తిన్నావా, బాగా చదువుతున్నావా’ అన్న రెండు ప్రశ్నలకూ ‘ఆఁ’ అన్న ఒకే జవాబు సరిపోతుంది. ఈ వారం ఎవరినైనా ఏమైనా అడిగావా అన్న ప్రశ్నకు అది సరిపోదు.

ఆ కబురు ఆలస్యమైతే దాటిపోయే గడువులూ ఉన్నాయి. మొదటి వారాల్లో, కష్టమైన కోర్సును ‘డ్రాప్’ చేస్తే ట్రాన్‌స్క్రిప్టులో, అంటే మార్కుల శాశ్వత పత్రంలో, దాని ఆనవాలుండదు. ఆ తరువాత ‘విత్‌డ్రా’ అయితే ‘డబ్ల్యూ’ అన్న అక్షరం పడుతుంది గాని గ్రేడ్ల సగటు సాధారణంగా తగ్గదు. 12 క్రెడిట్ల కంటే తగ్గితే పూర్తికాలపు విద్యార్థి హోదా, దానితో ఆర్థిక సహాయం, ఎఫ్-1 అనే విద్యార్థి వీసాపై వచ్చినవారికైతే వీసా స్థితి కూడా చిక్కుల్లో పడవచ్చు కాబట్టి సలహాదారుతో ముందే మాట్లాడి తీసుకోవలసిన నిర్ణయమది. చాలా విశ్వవిద్యాలయాల్లో విత్‌డ్రా గడువు అక్టోబరు చివరికీ నవంబరు మధ్యకూ నడుమ ముగుస్తుంది. దూరాన చదివే పిల్లలు తొలిసారి తీరిగ్గా ఇంటికొచ్చి, రెండోసారి వడ్డించిన పప్పన్నం కలుపుకుంటూ ఆ కోర్సు సంగతి మెల్లగా బయటపెట్టేది నవంబరు నాలుగో గురువారం, థాంక్స్‌గివింగ్ నాడు.