కంటి అంచుపై కన్నుంచుదాము

బిడ్డను తెలుగులో ‘కంటివెలుగు’ అంటాము. ఉర్దూలో ‘నూరె చష్మ్’ అంటాము. మన కళాశాలలో వినిపించే ఈ రెండు భాషలూ సంతానాన్ని చూపుతోనే పోల్చాయి. ఆ చూపును నిలిపే ఒక సన్నని అంచును గురించి విద్యార్థిలోకం తెలుసుకొనవలసి ఉన్నది.

నల్లగుడ్డుపై అద్దమువలె ఉండే పొర కార్నియా. అది తెల్లగుడ్డుతో కలిసేచోట, ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పున ఉండే వలయమే లింబస్. కార్నియా పైపొర అరిగిపోతూ ఉండగా, దానిని తిరిగి నింపే మూలకణాలు ఇక్కడే ఉంటాయి. తెల్లగుడ్డు పొరను, రక్తనాళాలను లోనికి రానీయక చేనిగట్టువలె ఆపేదీ ఇదే. సున్నము పడి ఈ గట్టు కాలిపోతే తెల్లని పొర నల్లగుడ్డును కమ్ముతుంది. అపుడు దాత కార్నియాను తెచ్చి అమర్చినా అది నిలువదు.

అందుకు చికిత్స లేకపోలేదు. 1987లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు హైదరాబాదులో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ వైద్యులు సాంగ్వాన్, బసు ప్రభృతులు 2012లో ‘స్లెట్’ అనే పద్ధతిని ప్రకటించారు. మంచికంటి లింబస్ నుండి రెండు మిల్లీమీటర్ల ముక్కను తీసి, తునకలు చేసి, కాలిన కంటిపై పరచిన ఉమ్మనీటి పొరమీద నాటుతారు. నారుమడినుండి నారు తీసి నాటినట్లే!

అయితే కాలిన కంట ఎంత అంచు మిగిలినది? నారు ఇచ్చే కంటి అంచు పదిలమేనా? స్లిట్ ల్యాంప్‌తో వైద్యుడు కొంత గ్రహించగలడు. మచ్చ కమ్మినచోట అది చాలదు. కంటిని తాకకుండా కాంతితో పొరలను చిత్రించే ఓ.సి.టి., కణాలనే చూపే కాన్‌ఫోకల్ మైక్రోస్కోపు ఆ సందేహాన్ని చాలవరకు తీరుస్తాయి. ఇట్టి పరీక్ష మహానగరాల సొత్తు కారాదనీ, 2022లో జిల్లా కేంద్రమైన అమలాపురములో సామాన్యునికి అందుబాటులో ఉండాలనీ మా అభిప్రాయము.

తాంబూలపు సున్నము, పండుగ వెల్ల, రొయ్యల చెరువులకు చల్లే సున్నము కోనసీమకు కొత్తవి కావు. చిన్నారులు సున్నపు పొట్లాన్ని నొక్కి ఆడుకొనగా అది చిట్లి కళ్ళు కాలిన ఉదంతాలు మన దేశ వైద్యులు ఎరిగినవే. సున్నము పడిన కంటిని నలపరాదు; నూనె, పాలు పోయరాదు. రెప్పలు విప్పి, తక్షణమే అరగంటకు తక్కువ కాకుండా మంచినీటితో కడిగి, ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

రసాయనశాలలో కన్ను కడుగుకొనే కుళాయిని అమర్చవలసినదిగా పాలకవర్గానికి మనవి చేస్తున్నాము. ఈ నాలుగు మాటలను ఉర్దూలోను, తెలుగులోను ఇంటింటికీ చేర్చే బాధ్యత విద్యార్థులమైన మనది.