కొండచిలువ నిరాహార దీక్ష

జంతుశాస్త్రం చదివేవాణ్ణని పేరు పడితే చాలు, మా వూళ్ళో ఆవు మేత ముట్టకపోయినా, కోడి కునికినా నాకే కబురు వస్తుంది. పోయిన ధనుర్మాసంలో మాత్రం వింత కబురు వచ్చింది. కొండచిలువ అన్నం మానేసిందట!

వాయుగుండం వానలకు కాలవ పొంగి, మా చిన్నాయన రొయ్యల గుంట చుట్టూ కట్టిన వలలో అది చిక్కుకొన్నది. ఏడెనిమిది అడుగులుంటుంది. చంపబోయినవాళ్ళను ఆపి, మా తమ్ముళ్ళు దాన్ని ఖాళీగా పడివున్న సిమెంటు వరలోకి దించి, పైన ఇనుప వల మూసి, "పెంచుకొందాం" అన్నారు. చంపనివ్వకపోవడం మెచ్చుకోదగ్గదే. తంటా ఆ తర్వాత మొదలైంది. మొదటిరోజు పాలు పోశారు. మర్నాడు గుడ్లు పెట్టారు. మూడోరోజు బతికున్న పెట్టను దించారు. పెట్ట కాసేపు గోల చేసి, పాము పక్కనే కునికి, అయిదోనాటి పొద్దుటికి తీరిగ్గా గుడ్డు పెట్టింది. కొండచిలువ కన్నెత్తి చూడలేదు.

పదోరోజుకు అందరికీ దిగులు పట్టుకొన్నది. "ఏమబ్బయా, నువ్వు సయిన్సు చదవతా వుండావు గదా, అది తినే ఉపాయం ఏందో చెప్పు" అన్నాడు చిన్నాయన. తెలియదనడానికి సిగ్గేసింది. పుల్లతో దాని నోరు తెరిచి మాంసం ముక్క తోశాను. చిగుళ్ళు రక్తమయ్యాయి. ముక్క బయటికే వచ్చింది. గుంటకు కాపలా వుండే యానాది తాత అంతా చూసి, "దాని ఆకలి దానికి తెలవదా అబ్బయా? దాని చోట దాన్ని వొదిలితే అదే తింటాది" అన్నాడు. నాలుగు పుస్తకాలు చదివిన నాకు తట్టని మాట అది.

ముందు చదవవలసింది తర్వాత చదివాను. కొండచిలువ మనలాగ పూటపూటకూ తినే ప్రాణి కాదు. ఒక పందికొక్కును మింగితే వారాల తరబడి మళ్ళీ తిండి అక్కరలేదు. పెద్ద పాములు నెలల తరబడి వుండగలవు. మామూలు రోజుల్లో వేడిని తానుగా పుట్టించుకోలేదు గనుక, ఒళ్ళు వెచ్చబడితేగాని తిన్నది అరగదు. చలిలో తింటే లోపల కుళ్ళి కక్కేస్తుంది. మన కొండచిలువకు దగ్గరి చుట్టమైన బర్మా కొండచిలువలో, పెద్ద భోజనం తర్వాత జీవక్రియ వేగం 40 రెట్ల దాకా పెరుగుతుందనీ, చిన్నపేగు బరువు రెట్టింపవుతుందనీ పరిశోధకులు తేల్చారు. గుండె కూడా రెండు రోజుల్లో 40 శాతం పెరుగుతుందని 2005లో 'నేచర్' పత్రికలో వెలువడింది. అంటే తినడమన్నది దానికి మూతపడ్డ మిల్లును మళ్ళీ నడపడం వంటిది. చోటు వెచ్చగా, భద్రంగా వుందని నమ్మకం కుదరనిదే ఆ మిల్లు తలుపు తెరవదు. పైగా చలికాలం వాటికి జతకట్టే కాలం. కుబుసం విడిచే ముందూ సాధారణంగా తినవు. గుడ్లు పెట్టిన ఆడపాము దాదాపు రెండు నెలలు వాటిని చుట్టుకొని, కండరాలు అదిలించి వేడి పుట్టించి మరీ పొదుగుతుంది. అన్నాళ్ళూ వుపవాసమే.

ఇక మా వర సంగతి చూడండి. చల్లని సిమెంటు, దాక్కోవడానికి ఆకు మరుగైనా లేదు, రోజంతా పైనుంచి తొంగిచూసే ముఖాలు! హాస్టల్లో కొత్తగా చేరిన కుర్రవాడు మొదటి వారం సరిగా తినడు. వాడి నోట్లో పుల్ల పెట్టి కుక్కుతామా?

విదేశాల్లో ఇళ్ళలో పెంచే బాల్ పైథాన్ అనే ఆఫ్రికా కొండచిలువ కూడా తిండి మానడంలో ఘటికురాలే. అనుభవం వున్నవాళ్ళు దాన్ని తొందరపెట్టరు. ఒకవైపు వెచ్చగా, ఒకవైపు చల్లగా వుండే పెట్టె ఇస్తారు. దూరడానికి గూడు పెడతారు. కొన్నాళ్ళు తాకకుండా వదిలేస్తారు. దాని పెదవుల మీది గుంటలు వేడిని పసిగడతాయి గనుక, చచ్చిన ఎలుకను వెచ్చచేసి రాత్రిపూట పెడతారు. బతికున్న ఎలుకైతే పామునే కొరకవచ్చు. బరువు తూచి రాసుకొని, అది పడిపోతూ వుంటే పశువైద్యుడి దగ్గరికి తీసుకుపోతారు. పెంపుడు పాము దగ్గరే ఇంత ఓర్పు కావాలంటే, అడివిపాము మాట చెప్పాలా?

చట్టం సంగతీ చెప్పాలి. మన కొండచిలువ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో వున్నది. దాన్ని పట్టడం కూడా ఆ చట్టం దృష్టిలో వేటే. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు. విదేశీ జాతిని పెంచాలన్నా 2024 నిబంధనల ప్రకారం నమోదు చేయించాలి. విసుగెత్తి దాన్ని కాలవలో వదిలేయడం అంతకంటె పెద్ద తప్పు. అమెరికాలోని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడినేలల్లో, పెంపుడు వ్యాపారం నుంచి బయటపడ్డ బర్మా కొండచిలువలు అక్కడి జంతువులను మింగేస్తుంటే, వాటిని పట్టడానికి 2017లో తమిళనాడు నుంచి ఇద్దరు ఇరుళ పాములవాళ్ళను పిలిపించుకొన్నారు. వాళ్ళకు లేని ప్రయోగశాలలా? అయినా అడిగి నేర్చుకొన్నారు. మేము గుంట గట్టు మీదున్న తాతను పదిరోజుల పాటు అడగలేదు.

చంపకుండా పెంచుకోవడం దయ కాదా అని మిత్రులు అడుగుతారు. దయే, కాని సగం దయ. ఎదుటి ప్రాణికి ఏది కావాలో కనుక్కోకుండా మన దగ్గరున్నది దాని నోట్లో కుక్కడం సేవ కాదు, పెత్తనం. 1952లో 58 రోజులు నిరాహార దీక్ష చేసి ప్రాణమిచ్చిన పొట్టి శ్రీరాములుగారి పేరు పెట్టుకొన్న జిల్లా మనది. ఆ మహనీయుడితో పామును పోల్చడం నా వుద్దేశం కాదు. కాని తిండి మానడం మొండితనం కాదని, అందులో ఒక మాట వుంటుందని మన నేలకు ఒకరు చెప్పనక్కరలేదు.

పదకొండోనాడు అటవీశాఖకు ఫోను చేశాం. వాళ్ళు దాన్ని సంచిలో తీసుకుపోయి అడివిలో వదిలారు. కయ్యల్లో ఎలుకమందుకయ్యే ఖర్చు గుర్తొచ్చి, "అది ఇక్కడే వుంటే మనకే మేలు గదరా" అని చిన్నాయన నిట్టూర్చాడు. ఇప్పుడాయన రోజూ పొద్దున్నే గుంట చుట్టూ తిరిగి వల చూసుకొంటున్నాడు, ఇంకేదైనా చిక్కుకొన్నదేమోనని. నా డిగ్రీ చదువులో ఇంతవరకు నేను నేర్చిన గట్టి పాఠం ఇదే. మిత్రులారా, "దీని చేత ఎలా తినిపించాలి?" అని అడిగేముందు, "ఇది ఎందుకు తినడంలేదు?" అని అడుగుదాం.