పందెమును పర్యటనమును

పడవ పందెముల సంఘమొకటి పది పదునైదు దినములకై విదేశమునకు బయలుదేరుచున్నదని వినబడగానే లోకులలో రెండు మాటలు పుట్టును. “పందెమునకు పోవువారికి ఊళ్లు చూచు పని యేల?” అనునది మొదటిది. “ఊళ్లు చూడబోవువారికి పందెమను నెపమేల?” అనునది రెండవది. పైకి విరుద్ధములుగ కన్పట్టినను ఈ రెండు మాటలకును మూలమొక్కటే. ఆటయు దేశాటనమును ఒకచోట ఇముడవనియు, ఒకటి నిజమైనచో రెండవది దొంగసరకనియు ఆ విమర్శకుల తలంపు. డ్రాగన్ పడవ విషయమున ఈ తలంపు పొరపాటని మా అభిప్రాయము. అయితే అట్టి యాత్రలలో విమర్శింపదగిన దోషము వేఱొకటి కలదు. దానిని గూర్చి మాటలాడువారు తక్కువ. ఈ రెండు సంగతులను పాఠకులకు మనవి చేయదలచితిమి.

ముందుగా ఈ పడవ యెట్టిదో తెలిసికొనవలెను. దాని పొడవు సుమారు 40 అడుగులు. వెడల్పు నాలుగడుగులకు లోపు. బల్లకు ఇద్దఱు చొప్పున పది బల్లలపై 20 మంది కూర్చుండి తెడ్లు వేయుదురు. ముందు భాగమున భేరి వాయించువారొకరు, వెనుక నిలుచుండి పొడవైన తెడ్డుతో దారి నడుపువారొకరు. మొత్తము 22 మంది. ముక్కున డ్రాగన్ తలయు, వెనుక తోకయు అమర్తురు. తెడ్డు పడవకు కట్టియుండదు. దానిని రెండు చేతుల పట్టి, ముందుకు వంగి, నీటిని వెనుకకు లాగవలెను. ఇరువది తెడ్లును ఒక్క పెట్టున నీట మునిగి ఒక్క పెట్టున లేవవలెను. ఒకని భుజబలము ఎంత గొప్పదైనను లయ తప్పినచో ఆ బలమే పడవకు బరువగును.

యాత్రకు సంబంధించిన ముఖ్యవిషయ మొకటి ఇచ్చట చెప్పవలెను. ఈ పందెములకు పోవువారు పడవను వెంట తీసికొని పోరు. పందెము జరుపు నగరమువారే ఒకే కొలతల పడవలను సిద్ధపఱచి అందఱికిని ఇత్తురు. వచ్చినవారు తమ తెడ్లను మాత్రము తెచ్చుకొందురు. 1952లో నెహ్రూగారి రాకతో మొదలైన కేరళపు నెహ్రూ ట్రోఫీ పందెములను మనవారు పలువురు చూచియుందురు. అందలి చుండన్ పడవ నూరడుగులకు పైబడినది. అది ఒక గ్రామము యొక్క సొత్తు, ఆ గ్రామము యొక్క పరువు. దానిని పరదేశమునకు కొనిపోవుట యన్న మాటలు కావు. డ్రాగన్ పడవ వారు పడవను ఇంట విడిచి పోదురు గనుకనే గుమాస్తాలును, ఉపాధ్యాయులును, గృహిణులును కూడిన చిన్న సంఘము సైతము సముద్రము దాటగల్గుచున్నది.

ఇక మొదటి విమర్శకు సమాధానము. దక్షిణ చైనాలో నదీతీరములందును, బెస్తల పల్లెలందును చాంద్రమానమున ఐదవ మాసము ఐదవ దినమున అనేక శతాబ్దములుగ జరుగుచున్న పండుగ యిది. 1976లో హాంకాంగు పర్యాటక సంఘమువారు తమ నగరమునకు సందర్శకులను రప్పింపదలచి, స్థానికులైన బెస్తల జట్లతో పోటీకి జపాను దేశపు నాగసాకి నుండి ఒక జట్టును పిలిచిరి. నేటి అంతర్జాతీయ పందెములకు అదియే నాంది. నాగసాకివారును ఈ ఆటకు బొత్తిగ క్రొత్తవారు కారు. 17వ శతాబ్దమున చైనా నావికుల మూలమున వచ్చిన “పేరోన్” అను పడవ పందెము వారికిని కలదు. తరువాత 1991లో హాంకాంగునందే అంతర్జాతీయ డ్రాగన్ పడవ సమాఖ్య ఏర్పడెను. కావున పర్యటనము ఈ ఆటకు నడుమ వచ్చి అంటిన మరక యనుట చెల్లదు. అంతర్జాతీయ పందెము పుట్టినదే పర్యాటకుల కొఱకు.

అంతకంటె గట్టి సమాధానము ఈ పండుగ కథలోనే యున్నది. క్రీస్తునకు పూర్వము చూ రాజ్యమున చ్యూ యువాన్ అను కవి మంత్రి పదవిలో నుండెను. రాజాగ్రహమునకు గుఱియై దేశమునుండి వెడలగొట్టబడెను. తన రాజ్యపు రాజధాని శత్రువుల పాలయ్యెనని విని, క్రీ. పూ. 278 ప్రాంతమున మీలువో నదిలో పడి ప్రాణములు విడిచెనని ప్రతీతి. తీరమునందలి జనులు పడవలెక్కి భేరులు మ్రోగించుచు అతని కొఱకు వెదకిరట. చేపలు ఆతని దేహమును ముట్టకుండుటకై నీట అన్నము చల్లిరట. ఆకులలో చుట్టి ఉడికించిన అన్నము నేటికిని ఆ పండుగనాటి భోజనము. 2009లో యునెస్కోవారు ఈ పండుగను మానవజాతి వారసత్వ సంప్రదాయముల పట్టికలో చేర్చిరి. మునిగిపోయిన మనిషిని వెదకుటకై పరుగెత్తిన పడవలే నాటికి నేడు పందెపు పడవలైనవి.

మొదటి ప్రపంచ పోటీలు 1995లో హునాను రాష్ట్రమున యుయేయాంగు నగరమున జరిగెను. మీలువో నది ఆ ప్రాంతముననే కలదు. కవి పేర వెలసిన మందిరమును అచ్చటనే యున్నది. అంత దూరము పోయి, గడియారము చూచుకొని పడవ నడిపి, మీలువోను గాని మందిరమును గాని కన్నెత్తి చూడక తిరిగివచ్చిన జట్టు తానెక్కినది ఏ పడవయో తెలియక వచ్చినట్లే కదా!

ఇటీవలి ఉదాహరణమును చూడుడు. ఈ సమాఖ్యవారు సంఘముల జట్లకై జరుపు ప్రపంచ పోటీలు 2024 సెప్టెంబరులో ఇటలీ దేశమునందలి రవెన్న నగరమున జరిగెను. ఆ యూరి సాన్ విటాలే దేవాలయములో ఆఱవ శతాబ్దమున చిన్న చిన్న రంగు ముక్కలు పొదిగి గోడలపై దిద్దిన చిత్రములు నేటికిని నిగనిగలాడుచున్నవి. ఆ యూరనే మహాకవి డాంటే సమాధి గలదు. ఆయన పుట్టినది ఫ్లారెన్సులో. 1302లో ఆ నగరమువారు ఆయనను బహిష్కరించిరి. 1321లో రవెన్నలో కన్నుమూసెను. పిమ్మట పశ్చాత్తప్తులై ఫ్లారెన్సువారు అస్థికలనైన ఇమ్మని అడిగిరి; రవెన్నవారు ఇయ్యలేదు. ఫ్లారెన్సులోని సాంతా క్రోచే దేవాలయములో 19వ శతాబ్దమున ఆయనకై కట్టిన సమాధి నేటికిని శూన్యముగనే యున్నది. రవెన్న సమాధిలో వెలుగు దీపమునకు ఏటేట నూనె పంపు భాగ్యము మాత్రము ఫ్లారెన్సువారికి దక్కినది. వెడలగొట్టబడిన కవిని స్మరించు పడవ నెక్కువాడు, వెడలగొట్టబడిన మఱియొక కవి నిద్రించు ఊరికి పోయి, పందెము ముగిసిన మఱునాడే విమానమెక్కి వచ్చినచో, వానిని పొదుపరి యనవలెనా, నష్టపోయినవా డనవలెనా?

రెండవ విమర్శ, అనగా పందెము వట్టి నెపమే యనునది, మఱింత కఠినమైనది. దీనికి జవాబు ఫ్లారెన్సులోనే దొరకును; కాని ఆ కథ కెనడాలో మొదలగును. 1990 ప్రాంతము వఱకు రొమ్ము క్యాన్సరునకు శస్త్రచికిత్స జరిగిన స్త్రీలు చేతులతో శ్రమగల పని మరల మరల చేయరాదని వైద్యులు సామాన్యముగ చెప్పుచుండిరి. చంకలోని గ్రంథులను తీసివేసిన పిమ్మట చేయి నీరుపట్టి వాచునని వారి భయము. పిల్లల నెత్తుకొనుటకును, సంచి మోయుటకును వెఱచి బ్రదుకు స్త్రీలెందఱో! 1996లో వాంకూవరు నగరమున బ్రిటిషు కొలంబియా విశ్వవిద్యాలయపు వైద్యుడు డాన్ మెకెంజీ ఈ మాట ఎంతవఱకు నిజమో పరీక్షింపదలచెను. అట్టి చికిత్స పొందిన 24 మంది స్త్రీలకు క్రమముగ వ్యాయామము నేర్పి, డ్రాగన్ పడవ నెక్కించి, తెడ్లు చేతికిచ్చెను. ఆ ఋతువు ముగియునాటికి వారిలో ఒక్కరికిని క్రొత్తగ చేయి వాపు రాలేదు. 1998లో కెనడా వైద్య సంఘ పత్రికలో ఈ ఫలితమును ప్రకటించెను. ఆ యొక్క పడవ నుండి నేడు అనేక దేశములలో ఇట్టి స్త్రీల సంఘములు వెలసినవి.

2018 జూలైలో ఈ సంఘముల వారందఱును ఫ్లారెన్సులో ఆర్నో నదిపై కూడిరి. వచ్చిన జట్లు వందకు మించినవి. వచ్చిన స్త్రీలు వేల సంఖ్యలో నుండిరి. 2023లో ఇట్టి కూడిక న్యూజీలాండులో జరిగెను. ఇరువది మందిని కూర్చుకొనలేని చిన్న సంఘములవారిని కలిపి సంయుక్త జట్లుగ ఏర్పఱచుటయు వీరి ఆచారము. పందెములు ముగిసిన పిమ్మట పడవలన్నియు నీటిపై ఒకచోట చేరును. తమను విడిచిపోయిన చెలులను తలచుకొని గులాబి రంగు పూలను నీట విడుతురు. మఱుసటి యేడు చూతునో లేదో యని ఒకనాడు దిగులుపడిన స్త్రీ ఆర్నోపై తెడ్డు వేసి, సాయంకాలము ఆ నగరపు వీథులలో చెలులతో తిరుగుచున్నప్పుడు, “నీవు పందెమునకు వచ్చితివా, ఊరు చూడ వచ్చితివా?” అని ఆమె నడుగుట తగునా? ఆమె కా రెండును ఒకటే. వట్టి యాత్రికులు వంతెన పైనుండి నదిని చూతురు. ఆమె నది నుండి వంతెనను చూచినది. ఆ నగరము ఆమెకు అతిథి మర్యాద చేసినది పడవ మూలముననే.

ఇంతవఱకు సమర్థించితిమి. ఇక దోషమును చెప్పవలెను. ఈ యాత్రలలో విమానపు టిక్కెట్టును, బసయు, భోజనమును, ప్రవేశ రుసుమును పెక్కు సంఘములలో ఎవరివి వారే భరింతురు. దీని ఫలితమేమి? ఏడాది పొడవునను చలిలోను వానలోను తెల్లవాఱుజామున వచ్చి తెడ్డు వేసినవాడు సొమ్ము లేక ఇంట నిలుచును. రెండు మాసముల క్రింద చేరిన సంపన్నుడు ఆతని బల్లపై కూర్చుండును. సంఘము పేరు మాత్రము మాఱదు, పతాకమును మాఱదు. సంవత్సరమంతయు పడవను నడిపినది ఒక జట్టు. విదేశమునకు పోయినది మఱియొక జట్టు.

“మేము ధర్మసంస్థ కాము, ప్రతివాని ఖర్చును మేమెట్లు మోయుదుము?” అని కొందఱు కార్యనిర్వాహకులు అడుగవచ్చును. ధర్మము మాట అటుంచుడు. పడవ మాటయే చెప్పుదము. ఇరువది మందికి కలసి కుదిరిన లయ ధనముతో కొనదగినది కాదు. అలవాటుపడిన చేయి లేచిపోయి అలవాటులేని చేయి వచ్చినచో పడవ తడబడును. కావున సొమ్మును బట్టి బల్ల నిచ్చుట న్యాయమున తప్పు, ఆటలోను తప్పే.

మా సూచనలు స్వల్పములు. యాత్ర నిశ్చయమైనప్పుడు ముందు జట్టును ఎన్నుకొని, పిమ్మట సొమ్ము లెక్క చూడవలెను. సొమ్ము గలవారిని లెక్కించి వారినే జట్టనరాదు. యాత్రకు ఏడాది ముందునుండి నెలనెలకు చందా కూర్చి ఉమ్మడి నిధి నేర్పఱచవలెను. ఆ నిధిలో ఒకటి రెండు స్థానముల ఖర్చు లేనివారికై ప్రత్యేకింపవలెను. ఆ సాయము పొందినవారి పేరు బయటపెట్టరాదు. నిధి చాలనిచో దూరదేశమునకు సగము మంది పోవుటకంటె దగ్గఱి దేశమునకు అందఱును పోవుట మేలు. అచ్చటికి చేరిన పిమ్మట ఒక్కదినమైనను జట్టంతయు కలసి ఊరు చూడవలెను. గొప్ప హోటలు వారొక గుంపుగను, చవుక బస వారొక గుంపుగను చీలినచో మఱునాడు భేరి ఎంత మ్రోగినను తెడ్లు కలియవు. తిరిగివచ్చి, ఇంట నిలిచినవారిని కూర్చుండబెట్టి, చూచినదానిని విన్నదానిని వారికి చెప్పవలెను.

మన పాఠకులకు ఈ కథ మఱియొక కారణమునను పట్టును. వాంకూవరునకు ఈ పడవ ఎట్లు వచ్చినది? 1986లో అచ్చట జరిగిన ప్రపంచ ప్రదర్శన సందర్భమున హాంకాంగు నుండి టేకు పడవలు వచ్చెను. అచ్చట తరతరములుగ స్థిరపడిన చైనా కుటుంబములవారు ఆ పందెమును ఆదరించి, తమ పొరుగువారిని బల్లలపైకి పిలిచిరి. అది నగరమంతటి పండుగయైనది. పదేండ్లు గడువగనే వైద్యుడు మెకెంజీకి పడవ కావలసివచ్చినప్పుడు ఆ యూర పడవ సిద్ధముగ నున్నది. వారు ఆ పండుగను తమ వీథికే పరిమితము చేసికొనియున్నచో ఆ 24 మంది స్త్రీలకు పడవ యెక్కడిది? కన్నడ సీమలోను, తమిళనాటను, ఒడిశాలోను, మహారాష్ట్రమునను, యానాములోను స్థిరపడిన మనము మన ఆచారములను కాపాడుకొను విధమును గూర్చి తఱచు చర్చించుచుందుము. బల్లపై పొరుగువానికి చోటిచ్చుటయు కాపాడుటలో ఒక భాగమే.

పడవ సంఘము విదేశమునుండి తిరిగివచ్చినప్పుడు “గెలిచితిరా?” అని కొందఱు, “ఏమేమి చూచితిరి?” అని కొందఱు అడుగుదురు. రెండును మంచి ప్రశ్నలే. మనము వానితోపాటు మూడవ ప్రశ్న కూడ అడుగుదము: “ఎవరిని ఇంట విడిచి పోతిరి?” దీనికి తడుముకొనక జవాబు చెప్పగల సంఘమును మరుసటి యేడును సంతోషముతో సాగనంపవచ్చును.